జబ్బుపడిన కార్మికుడు – డాక్టరు చీటీ
పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

పొలముతో పాటు కర్మాగారము కూడ నేడు మన పల్లెలకు జీవనాధారమైనది. పాశమైలారము, జడ్చర్ల, చౌటుప్పలు ప్రాంతములలోని ఫ్యాక్టరీలకును, అచ్యుతాపురము, పరవాడ, శ్రీసిటీలలోని పరిశ్రమలకును చుట్టుపట్ల గ్రామములనుండి ప్రతిదినము కంపెనీ బస్సులలోను, మోటారు సైకిళ్లపైని పోవువారు వేలకొలది కలరు. దూరపు జిల్లాలనుండి వచ్చి అక్కడనే గది అద్దెకు తీసికొని యుండువారును కలరు. వీరు ఆరోగ్యముగా ఉన్నంతకాలము వీరి ఉద్యోగపు సంగతులు పంచాయతీ వరకు రావు. జబ్బుపడినపుడు వచ్చును. పట్టణమున చూచువారు లేక కార్మికుడు సొంతయూరు చేరును. పది పదునైదు దినములు ఇంటిపట్టున ఉండి, కోలుకొని తిరిగి పనికి పోయినపుడు “నీవు చెప్పకుండ నాగా పెట్టితివి, నీ స్థానములో మరియొకనిని తీసికొంటిమి” అను మాట వినవలసి వచ్చును. అప్పుడతడు ఊరికి మరలివచ్చి సర్పంచిగారినో, వార్డు సభ్యునో ఆశ్రయించి, “అయ్యా, నాకు జ్వరము వచ్చినమాట నిజమేనని ఒక కాగితము వ్రాసి ఇయ్యండి” అని అడుగును.

ఆ కాగితము వ్రాయుటకు ముందు తెలిసికొని యుండవలసిన సంగతులు కొన్ని కలవు. వానిని చెప్పుటకే మేము ఈ వ్యాసమును ఉద్దేశించితిమి. సర్పంచిగారు ఎంత దయతో వ్రాసి యిచ్చినను ఆ కాగితమువలన కార్మికునకు జీతము రాదు, పోయిన ఉద్యోగము తిరిగి రాదు. ఆ మనిషి ఫలానా తేదీలలో ఊరిలో ఉండెనని చెప్పుటకు మాత్రమే అది పనికివచ్చును. జబ్బునకు సాక్ష్యము కాజాలదు. అతనికి కావలసినది మరియొక కాగితము. అది జబ్బు తగ్గిన పిమ్మట కాదు, జబ్బు మొదలైన దినముననే కావలెను.

చెల్లుబాటగు చీటీ

మెడికల్ సర్టిఫికేటు అనునది వైద్యమండలిలో రిజిస్టరైన వైద్యుడు రోగిని స్వయముగా పరీక్షించి ఇయ్యవలసిన పత్రము. వైద్యుల నడవడిని గూర్చి 2002లో ఏర్పరుపబడిన నిబంధనలలో సెలవు కొరకు ఇచ్చు సర్టిఫికేటునకు ఒక నమూనా కూడ కలదు. అందు రోగి సంతకము గాని వ్రేలిముద్ర గాని పైభాగమున ఉండవలెను. జబ్బు ఏమి, ఏ తేదీనుండి ఎన్ని దినములు పనికి దూరముగా ఉండుట ఆరోగ్యమునకు అవసరము అను సంగతులు వ్రాయవలెను. వైద్యుని రిజిస్ట్రేషను నంబరు తప్పక ఉండవలెను. తాను ఇచ్చిన సర్టిఫికేట్లకు వైద్యుడు ఒక రిజిస్టరు నడుపవలెను. రోగి పుట్టుమచ్చలవంటి గుర్తులు అందు వ్రాసికొని, సర్టిఫికేటు నకలు ఒకటి తనయొద్ద ఉంచుకొనవలెను. అసత్యమైన సర్టిఫికేటు ఇచ్చిన వైద్యుని పేరు రిజిస్టరునుండి తొలగించుటకు కూడ ఆ నిబంధనలు అవకాశము కల్పించినవి.

ఇక మన పల్లెలలోని వాడుక చూడుడు. జ్వరము వచ్చినచో మొదట పోవునది వీధిలోని ఆర్.ఎం.పి. వద్దకే. ఆ మూడక్షరములకు అసలు అర్థము రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టిషనర్ అని. రిజిస్టరు కానివారికే ఆ పేరు స్థిరపడుట మన వాడుకలోని ఒక వింత. వారు అర్ధరాత్రి పిలిచినను వచ్చి ఆదుకొందురు, కాదనము. కాని వారు వ్రాసియిచ్చు చీటీ ఏ కర్మాగారపు కార్యాలయమునందును చెల్లదు. కావున సూది మందు ఎవరు వేసినను, ఆ దినముననే గాని మరునాడు గాని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి వైద్యాధికారికి చూపించుకొని, ఓ.పి. చీటీ తీసికొని భద్రపరచుకొమ్మని చెప్పుట మంచిది. ఆ చీటీమీది తేదీ అతనికి తరువాత ఎంతో పనికివచ్చును. పదిదినముల పిమ్మట పోయి “వెనుకటి తేదీ వేసి ఇయ్యండి” అని అడిగినచో మంచి వైద్యుడు ఇయ్యడు. ఇచ్చువాని చీటీ నమ్మదగినది కాదు.

యజమాని ఏమి అడుగవచ్చును?

ఈ విషయమున రెండు వైపుల అపోహలు కలవు. “నాకు జబ్బు చేసినది, చెప్పితిని, ఇంక కాగితమెందుకు?” అని కార్మికుడనుకొనును. యజమాని అడుగుట తప్పు కాదు. వేతనముతో సెలవు ఇచ్చువాడు జబ్బునకు నిదర్శనము కోరవచ్చును. ఎప్పటికి తిరిగి వచ్చెదవని అడుగవచ్చును. దీర్ఘకాలము జబ్బుపడి వచ్చినవానిని, ముఖ్యముగా యంత్రములవద్దను, ఎత్తైన చోట్లను పనిచేయువానిని, “పనికి తగియున్నాడు” అను ఫిట్‌నెస్ సర్టిఫికేటు తెమ్మని కోరవచ్చును. ఇది కార్మికుని క్షేమమునకు కూడ అవసరమే.

కాని దానికి ఒక హద్దు కలదు. పనికి రాలేడా, ఎన్ని దినములు రాలేడు అనునది యజమానికి కావలసిన సంగతి. జబ్బు వివరములన్నియు సూపర్వైజరు మొదలు గేటు కాపలాదారు వరకు తెలియవలసిన పనిలేదు. చికిత్స సందర్భమున తెలిసికొన్న రోగి రహస్యములను వైద్యుడు బయటపెట్టరాదని పైన చెప్పిన నిబంధనలే శాసించుచున్నవి. న్యాయస్థానము ఆజ్ఞాపించినపుడును, ఇతరులకు నిజమైన ప్రమాదము ఉన్నపుడును, ప్రభుత్వమునకు తెలుపవలసిన అంటువ్యాధుల విషయమునను మాత్రమే మినహాయింపు. కావున కంపెనీవారు ఫోను చేసి “వానికి అసలేమి జబ్బు?” అని అడిగినంతమాత్రమున వైద్యుడు జవాబు చెప్పనక్కరలేదు; చెప్పరాదు. సర్టిఫికేటు నిజమైనదేనా, తమరు ఇచ్చినదేనా అని అడుగుట వేరు.

ఎయిడ్సు, హెచ్.ఐ.వి. విషయమున చట్టము మరింత కఠినముగా ఉన్నది. 2017లో ఆమోదింపబడి 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనికి వచ్చిన ప్రత్యేక చట్టము ప్రకారము ఉద్యోగమిచ్చుటకు ముందు హెచ్.ఐ.వి. పరీక్ష చేయించుకొమ్మని షరతు పెట్టరాదు. ఆ జబ్బు కలదను ఒక్క కారణముచేత పనినుండి తొలగించరాదు. ఆ సంగతిని ఇతరులకు వెల్లడింపరాదు. ఈ మూడవ మాట ఊరిలో మనకును వర్తించునని సభ్యులు గమనింతురు గాక. రచ్చబండ వద్ద ఒకని జబ్బును గూర్చి మాటలాడినచో ఆ మాట రెండు దినములలో కంపెనీ గేటు చేరును.

ఒక పూట డాక్టరువద్దకు పోవుటకు, రక్తపరీక్షకు, మరల చూపించుకొనుటకు పోవు దినములను గూర్చి తరచుగా తగాదాలు వచ్చుచుండును. దీనికని ప్రత్యేకమైన సెలవు మన చట్టములలో లేదు; ఉన్న సెలవులలోనుండియే వాడుకొనవలెను. దుకాణములు, సంస్థలను గూర్చి 1988లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేయబడిన చట్టము, తనకు లోబడిన సంస్థలలోని ఉద్యోగికి సంవత్సరమునకు జబ్బు నిమిత్తము 12 దినములును, ఇతర సమంజసమైన కారణములకు 12 దినములును వేతనముతో సెలవు నిర్ణయించెను. కర్మాగారములలో, 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన కార్మిక కోడులననుసరించి, సంవత్సరమున 180 దినములు పనిచేసినవానికి ప్రతి 20 పనిదినములకు ఒక దినము చొప్పున వేతనముతో సెలవు వచ్చును. డాక్టరువద్దకు పోవు తేదీ ముందే తెలిసియున్నచో ముందే చెప్పి, వచ్చిన తరువాత ఓ.పి. చీటీ చూపుట చాల తగాదాలను ఆపగలదు. చెప్పునది నోటిమాటగా కాక ఫోనులో సందేశముగానైనను వ్రాసి పంపుట మేలు. వ్రాసినది నిలుచును.

ఇ.ఎస్.ఐ. – రెండు ద్వారములు

ఇంతవరకు సెలవు సంగతి చెప్పితిమి. జబ్బు కాలమున ఇంటికి డబ్బు ఎట్లు వచ్చును? మన కార్మికులలో అధికసంఖ్యాకులకు దీనికి సమాధానము ఇ.ఎస్.ఐ. జీతపు చీటీలో ఆ మూడక్షరములను ప్రతినెల చూచుచునే యుందురు. ఎంత కోయబడుచున్నదో కూడ వారికి తెలియును. ఎందుకో తెలిసినవారు తక్కువ.

పారిశ్రామిక కార్మికులకు ఆరోగ్య బీమా కావలెనని ఆచార్య అదార్కర్ 1944లో నివేదిక సమర్పించెను. దానిని ఆధారముగా చేసికొని 1948లో చట్టము వచ్చెను. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో నెహ్రూ ఈ పథకమును ప్రారంభించెను. ఆ 1948 చట్టమే నేడు సామాజిక భద్రతా కోడులో కలిసిపోయినది. పదిమంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలకు ఇది వర్తించును. నెలజీతము 21,000 రూపాయలు మించనివారు దీని పరిధిలోనికి వత్తురని 2017 జనవరి నుండి పరిమితి ఏర్పడినది. 2019 జూలై 1 నుండి చందా రేట్లు తగ్గింపబడి, కార్మికుని జీతమునుండి నూటికి 75 పైసలును, యజమానినుండి నూటికి 3 రూపాయల 25 పైసలును నిర్ణయింపబడినవి. యజమాని తన వాటాను కార్మికుని జీతమునుండి కోయరాదు. కంట్రాక్టరు ద్వారా పనికి వచ్చినవాని చందాకు కూడ అసలు కంపెనీయే మొదటి బాధ్యుడు. “నీవు మావాడవు కావు, కంట్రాక్టరును అడుగు” అనుట ఈ విషయమున చెల్లదు.

లెక్క వేసి చూతము. నెలకు 15,000 రూపాయలు సంపాదించు కార్మికుని జీతమునుండి పోవునది సుమారు 113 రూపాయలు. అతడు జబ్బుపడి పనికి పోలేనిచో సగటు దినవేతనములో నూటికి 70 వంతులు, అనగా దినమునకు సుమారు 350 రూపాయలు వచ్చును. సంవత్సరమున 91 దినముల వరకు ఈ సహాయము పొందవచ్చును. 91 దినములకు 31,850 రూపాయలగును. మొదటి రెండు దినములకు మాత్రము ఇయ్యరు. ముందటి జబ్బు ముగిసిన 15 దినములలోపల మరల జబ్బుపడినచో ఆ రెండు దినములకు కూడ వచ్చును. కావున 12 దినములు మంచమెక్కిన పై కార్మికునకు 10 దినముల సొమ్ము 3,500 రూపాయలు రావలెను. సాధారణముగా మన ఊరి కార్మికునకు వచ్చుచున్నదెంత? ఏమియు లేదు. అడుగలేదు గనుక రాలేదు.

ఈ సొమ్మునకు అర్హత రావలెనన్నచో ఆరునెలల చందా కాలములో కనీసము 78 దినములకు చందా కట్టియుండవలెను. ఏప్రిలు మొదలు సెప్టెంబరు వరకు కట్టిన చందాకు ఫలము మరుసటి జనవరి మొదలు జూను వరకును, అక్టోబరు మొదలు మార్చి వరకు కట్టినదానికి జూలై మొదలు డిసెంబరు వరకును వచ్చును. విత్తు ఒక కారులో, పంట మరియొక కారులో అన్నమాట. వైద్యమునకు మాత్రము ఈ నిరీక్షణ లేదు. ఉద్యోగమున చేరిన దినమునుండియే ఉచిత వైద్యము కలదు.

ఇక్కడ మనవారు తికమకపడు సంగతి ఒకటి కలదు. ఇ.ఎస్.ఐ.కి రెండు ద్వారములు. వైద్యము చేసి సర్టిఫికేటు ఇచ్చునది డిస్పెన్సరీ గాని ఆసుపత్రి గాని. మన రెండు రాష్ట్రములలో డిస్పెన్సరీలను రాష్ట్ర ప్రభుత్వముల బీమా వైద్య సేవల శాఖలు నడుపుచున్నవి. సనత్‌నగరు, నాచారము, వరంగల్లు, విజయవాడ గుణదల, విశాఖపట్టణము మల్కాపురము, రాజమహేంద్రవరము, తిరుపతి, ఆదోని మొదలగు చోట్ల ఇ.ఎస్.ఐ. ఆసుపత్రులు కలవు. సొమ్ము చెల్లించునది మాత్రము కార్పొరేషనువారి శాఖా కార్యాలయము. డిస్పెన్సరీలో మందులు తీసికొని ఇంటికి వచ్చినవాడు సొమ్ము దానంతట అదే వచ్చునని కాచుకొని యుండును. సర్టిఫికేటును శాఖా కార్యాలయమునకు చేర్చి, క్లెయిము పెట్టినగాని సొమ్ము బ్యాంకు ఖాతాలో పడదు. సర్టిఫికేట్లు కూడ వరుసగా ఉండవలెను: మొదట జబ్బు ప్రారంభమైనట్లు, నడుమ జబ్బు కొనసాగుచున్నట్లు, చివర పనికి తగినట్లు. నడుమ ఒకటి తప్పినచో ఆ దినముల సొమ్మునకు చిక్కు వచ్చును. సర్టిఫికేటుపై యజమానికి అనుమానము కలిగినచో కార్పొరేషనుకు వ్రాయవచ్చును. అనుమానమున్న కేసులను పరీక్షించుటకు మెడికల్ రెఫరీ అను వైద్యాధికారి కలడు. తన మనుష్యులను కార్మికుని ఇంటిమీదికి పంపుట దానికి మార్గము కాదు.

సొంతయూరు వచ్చినవాని సంగతి

ఈ వ్యాసమంతటిలో పంచాయతీ సభ్యులు ముఖ్యముగా గుర్తుంచుకొనవలెనని మేము కోరునది ఇదియే. జబ్బు సొమ్ము పొందువాడు చికిత్సలోనే ఉండవలెను. వైద్యుని సలహా పాటింపవలెను. వైద్యాధికారి అనుమతి లేక చికిత్స జరుగుచున్న ప్రాంతమును విడిచి పోరాదు. ఈ షరతు 1948 చట్టమునందే కలదు. మనవాడు చేయునది సరిగా దీనికి వ్యతిరేకము. పట్టణమున జ్వరము తగులును; డిస్పెన్సరీకి పోక, ఎవరికిని చెప్పక, రాత్రి బస్సు ఎక్కి తల్లి యొద్దకు వచ్చును. తల్లి యొద్దకు వచ్చుట తప్పని ఎవరందురు? కాని బస్సు ఎక్కుటకు ముందు డిస్పెన్సరీ వైద్యునకు చూపించుకొని, ఊరికి పోవుచున్నానని చెప్పి, మొదటి సర్టిఫికేటు తీసికొన్నచో సొమ్మును ఉద్యోగమును రెండును నిలుచును.

అట్లు చేయక ఊరు చేరినవాని గతి యేమి? దారి పూర్తిగా మూసికొనిపోలేదు. ఊరికి దగ్గరలోని ఇ.ఎస్.ఐ. డిస్పెన్సరీకి వెంటనే పోయి కార్డు చూపి చికిత్స పొందవచ్చును. అట్టి వైద్య సౌకర్యము లేని చోట్లను, ప్రత్యేక పరిస్థితులలోను, ఇతర సాక్ష్యమును అంగీకరించు అధికారము నిబంధనల ప్రకారము కార్పొరేషనునకు కలదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు ఓ.పి. చీటీ, రిజిస్టరైన వైద్యుని సర్టిఫికేటు, పరీక్షల కాగితములు, మందుల రసీదులు అప్పుడు అక్కరకు వచ్చును. ఇది హక్కుగా వచ్చునది కాదు, అధికారుల విచక్షణపై ఆధారపడినది. కావున ఈ కాగితములు ఎంత సక్రమముగా ఉన్న అంత మంచిది. సర్పంచిగారి ఉత్తరమునకు స్థానము ఏదైన ఉన్నచో ఇక్కడ, ఈ కాగితములకు తోడుగా మాత్రమే.

ఒక జాగ్రత్త. జబ్బు సొమ్ము తీసికొనుచున్న దినములలో మరియొక పనికి పోరాదు. ఇంటివద్ద ఉన్నాడు గదా యని పొలములో కూలికి పోయినవాడు ఆ దినముల సొమ్మునకు అర్హుడు కాడు. తీసికొనినచో తిరిగి కట్టవలసి వచ్చును. ఇది కార్మికులకు స్పష్టముగా చెప్పుడు.

కుటుంబము ఊరిలో ఉండి కార్మికుడు పట్టణమున ఉన్నచో, కుటుంబమునకు వేరుగా కార్డు తీసికొని ఊరి దగ్గరి డిస్పెన్సరీలో వైద్యము పొందవచ్చును. ముసలి తల్లిదండ్రులు అతనిపై ఆధారపడియున్నచో వారును ఇందు చేరుదురు. ఈ సౌకర్యమును ఉపయోగించుకొనువారు ఎందరుందురో ఒక్కసారి తమతమ వార్డులలో విచారించి చూడవలసినదని సభ్యులను కోరుచున్నాము.

క్షయరోగి ఉదాహరణ

నెలల తరబడి ఉండు జబ్బుల విషయము వేరు. క్షయనే తీసికొందము. ఫ్యాక్టరీలో మూడేండ్లుగా పనిచేయుచున్న యువకునకు దగ్గు తగ్గక, బరువు తగ్గి, పరీక్షలో క్షయ అని తేలినది. మందులు సాధారణముగా ఆరునెలలు వాడవలెను. అతడు చేయునది ఏమి? కంపెనీకి తెలిసినచో తీసివేయుదురని భయపడి దాచును. దాచి పనికి పోవుచు మందులు సగములో మానును. లేదా చెప్పకుండ ఉద్యోగము మానివేసి ఊరికి వచ్చును. మొదటిదానివలన ప్రాణము పోవును. రెండవదానివలన ఇల్లు గడువదు.

అతనికి తెలియని సంగతి యేమనగా, ఇ.ఎస్.ఐ.లో 34 దీర్ఘవ్యాధులకు పొడిగింపు సహాయము కలదు. వానిలో క్షయ ఒకటి. మొదటి 91 దినముల సొమ్ము ముగిసిన పిమ్మట, రెండేండ్ల వరకు, వేతనములో నూటికి 80 వంతుల చొప్పున ఈ సహాయము ఇయ్యబడును. రెండేండ్లు ఎడతెగక ఉద్యోగమున ఉండి, నాలుగు చందా కాలములలో 156 దినములకు చందా కట్టియున్నవాడు దీనికి అర్హుడు. పై 15,000 జీతగానికి ఇది దినమునకు సుమారు 400 రూపాయలు. దీనికి తోడు, ఇ.ఎస్.ఐ. ఉన్నను లేకున్నను, క్షయరోగులందరికి పౌష్టికాహారము నిమిత్తము ప్రభుత్వమిచ్చు సహాయము 2024 నవంబరు నుండి నెలకు 1,000 రూపాయలకు హెచ్చింపబడినది. ఉద్యోగము మానివేసి ఊరికి వచ్చినవాడు వీనిలో పెద్దదానిని తన చేతులతో తానే పోగొట్టుకొనుచున్నాడు. రాజీనామా కాగితముపై సంతకము పెట్టుటకు ముందు శాఖా కార్యాలయమున అడుగుమని చెప్పువాడు ఊరిలో ఒక్కడున్నచో చాలును.

జబ్బు కాలమున ఉద్యోగమునుండి తొలగించుటను 1948 చట్టము 73వ సెక్షను నిషేధించెను. సక్రమమైన సర్టిఫికేటుతో సెలవులో ఉన్న కాలమున ఇచ్చిన తొలగింపు నోటీసు చెల్లదని కూడ ఆ సెక్షను చెప్పెను. అంతటి రక్షణయు ఒక్క మాటపై ఆధారపడినదని గమనింపుడు: సక్రమమైన సర్టిఫికేటు. చీటీ లేనివానిని కంపెనీవారు జబ్బుపడినవాడుగా కాక, చెప్పకుండ పని మానినవాడుగా చూతురు. సెలవు ముగిసిన పిమ్మట ఎనిమిది దినములలోగా తిరిగివచ్చి కారణము చెప్పనివాడు తన స్థానముపై హక్కు కోల్పోవునని మాదిరి స్థాయీ ఉత్తరువులలో చిరకాలముగా ఉండుచు వచ్చినది. నేడు తొలగింపు నోటీసు అందుకొన్న కార్మికుడు నోటీసును, సర్టిఫికేట్లను, జీతపు చీటీలను తీసికొని, ఆలస్యము చేయక కార్మికశాఖ అధికారిని, ఇ.ఎస్.ఐ. శాఖా కార్యాలయమును కలియవలెను. నియామక పత్రము ఉన్నచో అదియు తీసికొని పోవలెను. ఉద్యోగులందరికి నియామక పత్రము ఇయ్యవలెనని కొత్త కోడు విధించినది. ఇయ్యనిచో అడిగి తీసికొనవలెను.

పనిలో తగిలిన గాయముల సంగతి వేరు గనుక క్లుప్తముగా చెప్పుదుము. వీనికి 78 దినముల నియమము లేదు. చేరిన మొదటి దినమున గాయపడినను హక్కు కలదు. సొమ్ము నూటికి 90 వంతులు. ఇంటినుండి పనికి పోవుచు వచ్చుచు దారిలో జరిగిన ప్రమాదము కూడ, పనితో దానికి గల సంబంధము రుజువైనచో, పనిలో జరిగినదానితో సమానమే. హైవేమీద మోటారు సైకిలు ప్రమాదములు ఎక్కువైన ఈ దినములలో ఇది మరువరాని సంగతి. ప్రమాదము జరిగిన వెంటనే కంపెనీకి తెలుపవలెను.

స్త్రీలు

గర్భవతియైన కార్మికురాలికి 26 వారముల వేతనముతో సెలవు 2017 ఏప్రిలు 1 నుండి కలదు. ఇద్దరు, అంతకు మించి బిడ్డలు బ్రదికియున్నచో 12 వారములు. గర్భస్రావమైనచో 6 వారములు. ట్యూబెక్టమీ చేయించుకొన్నచో 2 వారములు. గర్భమువలన, ప్రసవమువలన కలిగిన జబ్బునకు అదనముగా ఒక నెల వరకు సెలవు కలదు. వీనన్నిటికి వైద్యుని పత్రము కావలెను. గర్భస్రావమైన స్త్రీ సిగ్గుచేత కారణము చెప్పక, కడుపునొప్పి యని చెప్పి, రెండు దినములలో పనికి పోవుట మన పల్లెలలో సామాన్యము. ఆరు వారముల సెలవు ఆమెకు కలదని ఎవరును చెప్పకపోవుటయే దీనికి కారణము. ఆశా కార్యకర్తలకును మహిళా సభ్యురాండ్రకును ఈ సంగతి తెలిసియున్నచో ఆమెకు మెల్లగా చెప్పగలరు. మగవారు చెప్పుటకంటె అది మేలు. గర్భము కారణముగా సెలవులో ఉన్న స్త్రీని తొలగించుట చట్టవిరుద్ధము.

ప్రభుత్వోద్యోగుల సంగతి సభ్యులకు తెలిసినదే. వారికి ఏటికి 20 దినముల అర్ధవేతనపు సెలవు కలదు. సర్టిఫికేటుపై దానిని పూర్తివేతనపు సెలవుగా మార్చుకొనవచ్చును. తిరిగి చేరునపుడు ఫిట్‌నెస్ చూపవలెను. దీనిని గూర్చి అధికముగా వ్రాయనక్కరలేదు.

పంచాయతీయే యజమాని

వ్రాయవలసినది మరియొకటి కలదు. ఇంతవరకు యజమాని అనగా ఎక్కడనో ఉన్న కంపెనీ యనుకొంటిమి. ప్రతి పంచాయతీ కూడ ఒక చిన్న యజమానియే. ఊరు ఊడ్చు కార్మికురాలు, మురుగు కాలువ తీయువాడు, నీటి ట్యాంకు చూచువాడు, చెత్తబండి నడుపువాడు మనవద్ద పనిచేయుచున్నారు. వారు జబ్బుపడినపుడు మనమేమి చేయుచున్నాము? ఒక దినము ఆసుపత్రికి పోయినచో ఆ దినపు కూలి కోయుచున్నామా? “నీ బదులు నీ కోడలిని పంపు” అనుచున్నామా? మురుగులో చేతులు పెట్టువారికి జ్వరము, చర్మవ్యాధులు ఇతరులకంటె ఎక్కువగా వచ్చును. ఆ జబ్బు పనివలన వచ్చినదే.

ఏ పంచాయతీలో ఏ కార్మికునకు ఏ పథకము వర్తించునో జిల్లా పంచాయతీ అధికారిని, కార్మికశాఖవారిని అడిగి తెలిసికొనవచ్చును. అంతవరకు ఆగకుండ పంచాయతీ చేయదగిన పనులు కొన్ని కలవు. వారి నియామకపు షరతులను కాగితముమీద పెట్టుట, జబ్బు సెలవు ఎన్ని దినములో అందు వ్రాయుట, ఎన్ని దినముల వరకు ఓ.పి. చీటీ చాలును, ఎప్పటినుండి సర్టిఫికేటు కావలెను అనునది సమావేశములో చర్చించి తీర్మానము చేయుట మొదలైనవి. ఒకటి రెండు దినముల జ్వరమునకు సర్టిఫికేటు అడుగుట అనవసరమని మా అభిప్రాయము. దానికొరకు ఆమె ఆటో కిరాయి పెట్టుకొని మండల కేంద్రమునకు పోయిరావలసి వచ్చును; ఆ కిరాయి ఒకప్పుడు ఆ దినపు కూలికి సమానమగును.

పంచాయతీ కార్యాలయపు నోటీసు బోర్డుమీద మూడు సంగతులు వ్రాయించినచో ఖర్చు లేదు: సమీపమున ఉన్న ఇ.ఎస్.ఐ. డిస్పెన్సరీ ఎక్కడ, అది పనిచేయు వేళలు. శాఖా కార్యాలయము ఏ పట్టణములో ఉన్నది. ఆ ప్రాంతపు కార్మికశాఖ అధికారి కార్యాలయము ఎక్కడ. పండుగలకు కార్మికులందరు ఊరికి వత్తురు. సంక్రాంతికి గాని దసరాకు గాని ముందు ఈ వ్రాత పూర్తియైనచో, వారు తిరిగి పోవులోపల దానిని చదివికొని తమ కార్డు నంబరు సరిగా ఉన్నదా, చందా కట్టబడుచున్నదా అని ఫోనులో చూచుకొనుటకు వ్యవధి ఉండును.